తాడోబా జిప్సీలోనా, ఊరి చెరువు గట్టు మీదనా?

మా పిన్నిగారబ్బాయి గుంటూరులో ఉంటాడు. ఈ మధ్యే కెమెరా పిచ్చి పట్టింది. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, లక్ష రూపాయలు పక్కన పెట్టాను. పెద్ద లెన్సు కొనమంటావా, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సుతోనే తాడోబా వెళ్లి పులిని తీసుకొచ్చేయమంటావా?" అన్నాడు. "ఉప్పలపాడు ఎప్పుడైనా వెళ్లావా?" అని అడిగాను. పులి గురించి అడిగితే పక్క ఊరి చెరువంటాడేంటి అన్నట్టు కాసేపు మాట్లాడలేదు.

వాడికి చెప్పిన లెక్కే ఇక్కడా చెబుతాను. తాడోబా అంటే మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న పులుల అడవి. అక్కడ ఒక సఫారీ సుమారు నాలుగు గంటలు. రెండు రోజులుంటే పొద్దున, మధ్యాహ్నం కలిపి నాలుగు సఫారీలు, అంటే పదహారు గంటలు. అందులో ఎక్కువ భాగం దుమ్ములో తిరగడం, ఎక్కడో ఆగి దుప్పి అరుపు కోసం చెవులు రిక్కించడం. అదృష్టం బాగుంటే పులి కళ్ల ముందుండేది పదో పదిహేనో నిమిషాలు. అదే ఊరి చెరువు దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారం ఆదివారం రెండేసి గంటలు కూర్చుంటే ముప్పై గంటలు దాటుతుంది. ఆ ముప్పై గంటలూ ఎదురుగా ఏదో ఒక పిట్ట ఉంటుంది. చేయి తిరిగేది అక్కడే.

ఇంకో సంగతి. జిప్సీలో, అంటే సఫారీకి వాడే పైకప్పు లేని జీపులో, బండి ఎక్కడ ఆగాలో డ్రైవర్ చేతిలో ఉంటుంది, పులి ఎక్కడ నిలబడాలో పులి చేతిలో ఉంటుంది. ఎండ ఎటునుంచి పడుతుందో మీరు మార్చలేరు, కిందికి దిగలేరు, పక్కకి జరగాలంటే పక్క సీటాయన జరగాలి. చెరువు దగ్గర ఇవన్నీ మీ ఇష్టం. ఫోటో బాగుండటం, బాగుండకపోవడం చాలావరకు ఈ ఇష్టం మీదే ఆధారపడుతుంది. జంతువు ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి మాట.

పైగా ఈ రెండూ నిజానికి పోటీ పడవు. మన దగ్గర పక్షులకి చలికాలం మంచిది. పులికి ఏప్రిల్, మే నెలలు మంచివి. అడవి ఎండిపోయి, ఆకు రాలి, జంతువులన్నీ నీటి గుంటల దగ్గరికి చేరతాయి. కాబట్టి చలికాలమంతా చెరువు దగ్గర నేర్చుకుని మే నెలలో తాడోబా వెళ్లడం అనేది నా దృష్టిలో సరైన వరస. వరస తిప్పితే ఖర్చు పెట్టి మరీ బ్లర్ ఫోటోలు తెచ్చుకుంటారు. నేను తెచ్చుకున్నాను, ఆ కథ కింద వస్తుంది.

ఇంటి దగ్గర

గట్టు మీద కూర్చోవడమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పొద్దున పూట చెరువుకి తూర్పు గట్టు మీద ఉండాలి. సూర్యుడు వీపు వెనక ఉంటాడు, పిట్ట మీద ఎండ నేరుగా పడుతుంది. సాయంత్రం పడమటి గట్టు. ఈ ఒక్కటి పాటిస్తేనే సగం ఫోటోలు బాగుపడతాయి. రెండోది, గట్టు పైన నిలబడి కిందికి గురిపెట్టి తీయకండి. నీళ్ల అంచుకి దిగి, కింద కూర్చుని, లెన్సు పిట్ట కళ్ల ఎత్తుకి తెచ్చి తీయండి. ప్యాంటు బురదవుతుంది, అది మామూలే. అలా తీస్తే వెనక ఉన్న తూటికాడ గుబురంతా పచ్చటి మసకైపోయి, గుడ్డి కొంగ లాంటి సాదా పిట్ట కూడా దర్జాగా కనిపిస్తుంది.

మూడోది ఓపిక. మా చెరువు తూము పక్కన ఒక ఎండు కర్ర పాతి ఉంటుంది, ఎవరో వల కట్టడానికి పాతింది. తెల్లరొమ్ము లకుముకి పిట్ట ఒకటి ఎక్కడికి వెళ్లినా తిరిగి ఆ కర్ర మీదికే వచ్చి వాలుతుందని నాకు తెలియడానికి మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం దాని వెంట పరిగెత్తడం మానేసి, కర్ర మీదే ఫోకస్ పెట్టి కూర్చున్నాను. ముక్కున చేపతో వచ్చి వాలింది. ఏ సఫారీలోనూ మూడు వారాల పాటు ఒకే జంతువు అలవాట్లు చూసే వీలుండదు.

కారు ఉన్నవాళ్లకి ఇంకో సుఖం ఉంది. గట్టు పక్కన కారు ఆపి, ఇంజన్ ఆపేసి, అద్దం దించి లోపలే కూర్చుంటే తీతువు పిట్టలు, నీటికాకులు మిమ్మల్ని పట్టించుకోవు. దిగి ఒక అడుగు వేశారా, మొత్తం లేచిపోతాయి.

చెరువు కూడా దగ్గర్లో లేదంటే డాబా ఉంది. ఎండాకాలం ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి నీడలో పెడితే వారం పది రోజుల్లో బుల్‌బుల్ పిట్టలు, గోరింకలు, ఉడుతలు అలవాటు పడతాయి. మూకుడు వెనక గోడ దగ్గరగా లేకుండా చూసుకోండి, వెనక ఎంత ఖాళీ ఉంటే ఫోటో అంత శుభ్రంగా వస్తుంది. మందార చెట్టుంటే తేనెపిట్ట రాకుండా ఉండదు. హైదరాబాదులో ఉన్నవాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. కేబీఆర్ పార్కులో నెమళ్లు బాగా కనిపిస్తాయి కానీ వాకింగ్ చేసేవాళ్ల మధ్య తీయాలి. నాకైతే అక్కడ మనసు నిలవదు. ఏ పార్కుకైనా కెమెరా రుసుము వేరుగా ఉండొచ్చు, గేటు దగ్గర ముందే అడిగేయండి.

ఒక్క రోజులో వెళ్లి వచ్చే చోట్లు

పులికీ ఇంటి చెరువుకీ మధ్యలో ఇదొక దారి ఉంది, ఎక్కువమందికి ఇదే సరిపోతుందని నా నమ్మకం. మూడు చోట్లు పోల్చి చెబుతాను.

ఉప్పలపాడు గుంటూరుని ఆనుకునే ఉంటుంది. ఊళ్లో ఉన్న చిన్న చెరువు, అందులో గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు, ఐబిస్‌లు కిక్కిరిసి ఉంటాయి. చెరువు చిన్నది కావడమే దీని బలం. 300 మిల్లీమీటర్ల లెన్సుతో కూడా ఫ్రేము నిండుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి). బలహీనత కూడా అదే, ఎటు తిప్పినా ఒక కరెంటు తీగో, ఇంటి గోడో, పక్షి వెనక ఇంకో పక్షో పడుతుంది. ఒంటరి పక్షి ఫోటో ఇక్కడ కష్టం. అందుకని ఎగిరే పక్షుల మీద దృష్టి పెట్టండి. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చే వేళకి వెళితే గంటలో వందసార్లు సాధన చేసుకోవచ్చు. గూడబాతు పెద్ద పక్షి, మెల్లగా దిగుతుంది, కొత్తవాళ్ల చేతికి కూడా అందుతుంది.

ఆటపాక కైకలూరు పక్కన, కొల్లేటి అంచున ఉంది. 2002లో రామ్సర్ జాబితాకి, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితాకి, ఎక్కిన కొల్లేరు గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. ఇక్కడ అసలు విషయం పడవ. పడవలో కూర్చుంటే నీటి మట్టానికి దగ్గరగా ఉంటారు కాబట్టి గట్టు మీద తీసిన ఫోటోకీ దీనికీ తేడా చూడగానే తెలుస్తుంది. మూడింటిలో ఫోటోకి మంచిది ఏదంటే నేను ఆటపాకే అంటాను. కాకపోతే పక్షుల కోసం అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లుంటాయి, ఫోటోలో ఇనుము కనిపించడం కొందరికి నచ్చదు. పడవ కదులుతుంటుంది కాబట్టి షట్టర్ వేగం 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, కంటే తగ్గించొద్దు. గూళ్ల దగ్గరికి పోనివ్వమని పడవ అబ్బాయికి డబ్బులు ఎక్కువిచ్చేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పక్షి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకి వదిలేసినట్టే, కాకులు అందుకోసమే కాచుకుని ఉంటాయి.

సూళ్లూరుపేట వైపు వెళితే ఒకే రోజులో రెండు చూడొచ్చు. నేలపట్టులో నీళ్లలో ఉన్న చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు. శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రోడ్డు మీద నుంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. కనిపించడం వేరు, అందడం వేరు. నీళ్లు ఎక్కడ ఎంత లోతున్నాయన్నదాన్ని బట్టి అవి దూరంగా ఎక్కడో గులాబి గీతలా ఉంటాయి. 600 మిల్లీమీటర్ల లెన్సు తీసుకెళ్లి కూడా నిరాశపడి వచ్చినవాళ్లున్నారు. నా సలహా ఏంటంటే, పులికాట్‌లో దగ్గరి ఫోటో ఆశ వదిలేసి చిన్న లెన్సుతో ఆకాశం, నీళ్లు, మధ్యలో ఆ గీత తీయండి. నాకున్న పులికాట్ ఫోటోల్లో గోడకి తగిలించింది అలాంటిదే.

సంక్రాంతికి విదేశాల నుంచి ఊరొచ్చే మనవాళ్లకి ఈ మూడూ సరిగ్గా సీజన్ మధ్యలో పడతాయి. పండగ మూడు రోజులు అయ్యాక వెళ్లండి, పండగ రోజుల్లో పిల్లలతో, సెల్ఫీలతో గట్లు నిండిపోతాయి. దేశంలో తిరిగే విమానాల్లో చేతి సంచి ఏడు కిలోలు దాటనివ్వరు కాబట్టి పెద్ద లెన్సుని ముందే తూకం వేసుకోండి.

పులి కావాలంటే

పులే కావాలని మనసులో పడితే మాత్రం చుట్టూ తిరగొద్దు, తాడోబాకే వెళ్లండి. మన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. తుమ్మలబైలు, బైర్లూటి దగ్గర సఫారీలున్నాయి. తెలంగాణ వైపు అమ్రాబాద్‌లో ఫరహాబాద్ సఫారీ ఉంది. ఇవి అద్భుతమైన అడవులు. కానీ కొండలు, లోయలు, దట్టమైన చెట్లు. పులి ఉన్నా కనపడదు. అడవి చూడటానికి, చుక్కల దుప్పి, అడవి ఉడుత, ఎలుగుబంటి కాలి గుర్తులు చూడటానికి వెళితే సంతోషంగా తిరిగొస్తారు. పులి ఫోటో కోసం వెళితే డ్రైవర్‌ని తిట్టుకుంటూ వస్తారు.

తాడోబా మనకి అందుబాటులోనే ఉంది. కాజీపేట మీదుగా ఉత్తరాదికి వెళ్లే రైళ్లు బల్లార్షా, చంద్రపూర్ మీదుగా పోతాయి, చంద్రపూర్‌లో దిగి మొహర్లీ గేటుకి కారు మాట్లాడుకోవచ్చు. మంగళవారం సఫారీ ఉండదు. వానాకాలం మూడు నెలలు కోర్, అంటే లోపలి అడవి, మూసేస్తారు. కోర్ సఫారీ ముందుగానే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, బుకింగ్‌లో ఉన్న పేరూ గుర్తింపు కార్డులో పేరూ ఒకటే ఉండాలి. ఫోన్ లోపలికి అనుమతించరు, కాబట్టి ఫోన్‌తో తీసేద్దామనుకుంటే కుదరదు. కోర్ దొరక్క, దాని చుట్టూ ఉండే బఫర్ అడవే దొరికితే నిరుత్సాహపడకండి, పులికి కోరు, బఫరు అనే తేడా తెలియదు.

ఇక నా కథ. మొదటిసారి ఒక ఏజెంట్ ద్వారా వెళ్లాను. జిప్సీలో ఆరుగురం, నాకు వెనక వరస మధ్యలో సీటు. 150 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే 150-600 లెన్సు అద్దెకి తెచ్చుకున్నాను, అంతకుముందు దాన్ని ముట్టుకున్నది లేదు. మూడో సఫారీలో ఆడపులి మట్టి రోడ్డు మీదికి వచ్చి జిప్సీ వైపే నడిచింది. నా దగ్గరున్న ఆ లెన్సు వెనక్కి తగ్గించాలన్న ఆలోచన కూడా రాలేదు, 600 దగ్గరే ఉండిపోయింది. ముప్పై ఫోటోల్లో పులి ముక్కు, ఒక చెవి, ముందు సీటాయన టోపీ వచ్చాయి. తెల్లవారుజాము వెలుతురు, షట్టర్ 1/125. అన్నీ బ్లర్. ఒక్క శీతాకాలం కొంగల మీద చేయి తిరిగి ఉంటే ఆ రోజు ఆ తప్పులేవీ జరిగేవి కావు.

కాబట్టి వెళ్లేటప్పుడు వీలైతే స్నేహితులు నలుగురు కలిసి బండి మొత్తం మాట్లాడుకోండి, ఖర్చు కొంచెం పెరిగినా అటూ ఇటూ జరిగే చోటుంటుంది. ట్రైపాడ్ జిప్సీలో పనికిరాదు. ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్లి, అక్కడ రెండు కిలోల బియ్యం కొని నింపుకుని, బండి కడ్డీ మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. తిరిగొచ్చేటప్పుడు బియ్యం ఎవరికైనా ఇచ్చేస్తే బరువూ తగ్గుతుంది.

ఏ కెమెరా, ఏ లెన్సు

చోటు తేలాకే సామాను తేల్చుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, లెన్సు కొన్నాక అది పనికొచ్చే చోటు వెతుకుతారు.

ఫోన్ ఒక్కటే ఉంటే సీతాకోక చిలుకలు, తొండలు, ఊసరవెల్లి, కప్పలు తీయండి. దగ్గరికి వెళ్లగలిగిన జీవులకి ఫోన్ ఏమీ తక్కువ కాదు. దూరాన ఉన్న పిట్టని జూమ్ చేసి తీస్తే వచ్చేది నీటిరంగుల బొమ్మ.

తర్వాతది బ్రిడ్జి కెమెరా, అంటే లెన్సు మార్చే పని లేకుండా పెద్ద జూమ్ అందులోనే ఉండేది. నికాన్ పీ950లో జూమ్ 2000 మిల్లీమీటర్లకి సమానం, పీ1000లో 3000. వింటే కళ్లు తిరుగుతాయి. కిలో, కిలోన్నర బరువులో అంత దూరం అందడం గొప్పే. పిట్టని గుర్తుపట్టడానికి, జాబితా రాసుకోవడానికి, ఎండలో కూర్చున్న పక్షిని తీయడానికి చాలా బాగుంటుంది. కానీ లోపలి సెన్సర్ చిన్నది. పొద్దున ఆరున్నరకి, అడవి నీడలో, ఎగిరే పక్షి మీద చేతులెత్తేస్తుంది. పెద్దవాళ్లకి, భుజం నొప్పి ఉన్నవాళ్లకి, ఒకే కెమెరాతో ప్రయాణం చేసేవాళ్లకి నేను ఇదే చెబుతాను. ఫోటో పిచ్చి ముదిరే సూచనలున్నవాళ్లకి మాత్రం వద్దు, ఏడాదిలో అమ్మేస్తారు.

అసలు పోటీ 100-400కీ, 150-600కీ మధ్య. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సర్ ఉన్న కెమెరా బాడీ మీద 400 లెన్సు 600 నుంచి 640 మిల్లీమీటర్ల దాకా చూసినట్టు చూపిస్తుంది. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే. సిగ్మా 150-600 కాంటెంపరరీ 1930 గ్రాములు, టామ్రాన్ జీ2 రెండు కిలోలు. ఈ అంకెలు కాగితం మీద చిన్నగా కనిపిస్తాయి. గట్టు మీద రెండు గంటలు చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. తేలికైన లెన్సుని ప్రతి ఆదివారం తీసుకెళతారు, బరువైనదాన్ని మూడో ఆదివారం నుంచి ఇంట్లో పెట్టేస్తారు. తేలిక లెన్సుకి లోపం వెలుతురు. ఆ కెనాన్ లెన్సు 400 దగ్గర ఎఫ్/8కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది), ఎఫ్/5.6 లెన్సుతో పోలిస్తే సగం వెలుతురే లోపలికొస్తుంది. ఐఎస్ఓ, అంటే సెన్సర్ వెలుతురుని పట్టే స్థాయి, పెంచుకోవాలి, ఫోటోలో కొంచెం గింజలు పడతాయి. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సర్దొచ్చు, బ్లర్‌ని సర్దలేం.

నా తీర్పు చెబుతున్నాను. ఇంటి చెరువు, ఉప్పలపాడు, ఆటపాక, తాడోబా జిప్సీ, ఈ నాలుగింటికీ 100-400 చాలు. తాడోబాలో అయితే అదే మేలు కూడా, పులి దగ్గరికొస్తే వెనక్కి తగ్గొచ్చు. కొల్లేటి నడిమధ్య, పులికాట్, పెద్ద జలాశయాల దగ్గర ఉండేవాళ్లు, చిన్న పిట్టలే లోకంగా బతికేవాళ్లు 600కి వెళ్లండి. ఏడాదికి ఒకసారి అవసరమైతే అద్దెకి తెచ్చుకోండి, కానీ రెండు రోజులు ముందుగా తెచ్చుకుని కాకుల మీద సాధన చేయండి. నాలా చేయొద్దు.

వాడిన లెన్సు కొంటే టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల తేమకి సాలీడు గూడులా తెల్లటి పోగులు పడతాయి. కొన్నాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కంటే ఘోరం లేదు.

నియమాలు కొన్ని ఉన్నాయి, అవి ఇంటి దగ్గరైనా అడవిలోనైనా ఒకటే. గూటి దగ్గరికి వెళ్లి ఫోటో తీయొద్దు. స్పీకర్‌లో పిట్ట కూత వినిపించి పిలవొద్దు. గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ వద్దు. అభయారణ్యాల్లో డ్రోన్ ఎగరేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద చిక్కుల్లో పడతారు. దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) లాంటిది కనిపిస్తే ఆనందంలో ఊరి పేరు పెట్టి పోస్ట్ చేయకండి, వారం తిరక్కుండా దాన్ని పట్టుకునేవాళ్లు దిగుతారు. పొలంలోంచి వెళ్లాల్సి వస్తే రైతుని అడగండి. అడిగితే కాదనేవాళ్లు నాకింతవరకు తగల్లేదు, పైగా ఏ గుబురులో ఏముందో ఆయనకే తెలుసు.

మా తమ్ముడు చివరికి కొద్దిగా వాడిన ఏపీఎస్-సీ బాడీ, 100-400 లెన్సు వెతుక్కుని ఆ లక్ష చుట్టుపక్కలే సర్దుకున్నాడు. తాడోబా మే నెలకి వాయిదా వేశాడు. డిసెంబరులో ఒక ఆదివారం ఉప్పలపాడు గట్టు మీద నుంచి ఫోన్ చేశాడు, గొంతులో టెన్షన్. "అన్నయ్యా, ఏడింటికి తీసినవి కత్తిలా ఉన్నాయి. ఇప్పుడు అవతలి ఒడ్డున ఉన్నవాటిని తీస్తే ఒక్కటీ షార్ప్‌గా రావట్లేదు. లెన్సు పోయిందంటావా?" టైమెంతైందని అడిగాను. పదిన్నర. నీళ్ల మీద నుంచి లేచే వేడిగాలికి ఏ లెన్సయినా అంతేరా, ఇంటికెళ్లి టిఫిన్ చెయ్యి, నాలుగింటికి మళ్లీ వెళ్లు అన్నాను.